ఒక చెవిలో బ్యాలెన్స్ పోయాక: నా అనుభవం

నా ఎడమ చెవి చక్కగా వింటుంది. ఇప్పటికీ ఫోను ఆ చెవికే పెట్టుకుంటాను. పోయింది వినికిడి కాదు, దాన్ని ఆనుకుని జరిగే ఇంకో పని. తల ఎటు తిరిగింది, ఎంత వేగంగా తిరిగింది, ఎటు ఒరిగింది అని క్షణక్షణం మెదడుకు చెప్పే భాగం లోపలి చెవిలో ఉంటుంది. మూడు అర్ధవృత్తాకార నాళాలు, వాటి మొదట్లో రెండు చిన్న సంచులు. అక్కడి నుంచి మెదడుకి కబురు మోసే నరం నాకు ఎడమ వైపు దెబ్బతింది. వెస్టిబ్యులర్ న్యూరైటిస్ అన్నారు. ఆ నరం మళ్ళీ సరిగ్గా పనిలోకి రాలేదు. అయినా బడికి వెళ్తున్నాను, పాఠం చెబుతున్నాను, సంతకి వెళ్తున్నాను. ఇదెలా కుదిరిందో చెబితే, ఇప్పుడు ఇదే అవస్థలో కళ్ళు గట్టిగా మూసుకుని పడుకున్నవాళ్ళకు ధైర్యంగా ఉంటుందని రాస్తున్నాను. నేను తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని.

అంతకు ముందు వారం జలుబు, కాస్త జ్వరం వచ్చి తగ్గాయి. ఒక తెల్లవారుజామున పక్కకి తిరిగేసరికి గది మొత్తం కదలడం మొదలైంది. గోడ మీద క్యాలెండర్ ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతోంది. ఎంత పరుగెత్తినా గోడ దాటడం లేదు, మళ్ళీ మొదటి నుంచి అదే పరుగు. వాంతులు ఆగలేదు. లేచి నిలబడితే ఎవరో భుజం పట్టి ఎడమ వైపుకు లాగినట్టు ఒరిగిపోతున్నాను. అత్తయ్య పక్కన కూర్చుని "కళ్ళు మూసుకుని పడుకో అమ్మాయ్, తగ్గుతుంది" అంటారు. మూసుకుంటే ఇంకా ఎక్కువ! లైటు వేసుకుని, కుడి పక్కకి తిరిగి, తలుపు గొళ్ళెం మీద చూపు నిలిపితే కాస్త నెమ్మదించేది. ఎందుకో తర్వాత తెలిసింది. కంటికి పట్టుకోవడానికి ఒక స్థిరమైన వస్తువు దొరికితే కంటి కుదుపును మెదడు కొంత అణచగలదు. చీకట్లో, మూసిన రెప్పల వెనక ఆ ఆసరా ఉండదు.

మా అబ్బాయి అప్పుడే ఒక మంచి పని చేశాడు. "అమ్మా, ఒక్కసారి నా వైపు చూడు" అని ఫోన్లో నా కళ్ళను వీడియో తీశాడు. రెండు కళ్ళూ మెల్లగా ఎడమకి జారి, టక్కున కుడికి ఎగురుతున్నాయి, మళ్ళీ జారుతున్నాయి. నిస్టాగ్మస్ అంటే ఇదే. ఆ వీడియో తర్వాత ప్రతి డాక్టరూ అడిగి చూశారు. ఇంట్లో ఎవరికైనా ఇలా తల తిరిగితే ముందు కళ్ళను వీడియో తీయండి. రెండో రోజుకి ఆ కుదుపు తగ్గిపోవచ్చు, అప్పుడు చూపించడానికి ఏమీ మిగలదు.

గుంటూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అందరి భయం పక్షవాతమే. అక్కడి న్యూరాలజీ డాక్టరమ్మ మాత్రం స్కానింగ్ కన్నా ముందు మంచం పక్కనే మూడు పనులు చేశారు. తల రెండు చేతులతో పట్టుకుని, "నా ముక్కునే చూస్తూ ఉండండి" అని, ఒక్కసారిగా కొద్దిగా కుడికి తిప్పారు. నా చూపు ఆవిడ ముక్కు మీదే ఉంది. తర్వాత ఎడమకి తిప్పారు. ఈసారి కళ్ళు కూడా తలతో పాటే పోయి, ఒక క్షణం ఆలస్యంగా ముక్కు మీదకి ఎగిరి వచ్చాయి. అది నాకే తెలిసింది. తర్వాత కుడికి, ఎడమకి చూడమని, ఎటు చూసినా కుదుపు కుడికే కొడుతోందా, దిక్కు మారుతోందా అని గమనించారు. మూడోది, ఒక్కో కన్ను మార్చి మార్చి మూస్తూ, తెరిచినప్పుడు కన్ను పైకీ కిందకీ సర్దుకుంటుందా అని చూశారు.

తల తిప్పినప్పుడు కన్ను ఆలస్యం కావడం ఇక్కడ మంచి వార్త. గంటల తరబడి ఆగకుండా తల తిరుగుతున్నా ఈ తల తిప్పే పరీక్ష రెండు వైపులా మామూలుగా ఉంటే, లేదా కంటి కుదుపు దిక్కు మారుతుంటే, లేదా కన్ను పైకీ కిందకీ సర్దుకుంటుంటే మెదడులో స్ట్రోక్ అని అనుమానించాలి. వీటిలో తల తిప్పే పరీక్షను 1988లో ఆస్ట్రేలియాకి చెందిన హల్మాగీ, కర్తాయిస్ వివరించారు. ఈ మూడూ కలిపి చూస్తే, మొదటి ఒకటి రెండు రోజుల్లో ఎమ్మారై కూడా తప్పిపోయే స్ట్రోక్‌ను పట్టుకోవచ్చని 2009లో ఒక అధ్యయనం చూపించింది. ఇవి చేయడం తెలిసిన డాక్టరు ఉండాలంతే, మెషీన్ అక్కర్లేదు. తల తిరగడంతో పాటు మాట తడబడినా, వస్తువులు రెండుగా కనిపించినా, చెయ్యి కాలు స్వాధీనం తప్పినా, ఆసరా లేకుండా కూర్చోవడం కూడా చేతకాకపోయినా మాత్రం ఇవేవీ ఆలోచించకుండా పెద్దాసుపత్రికి పరుగెత్తాల్సిందే.

నాకు స్టెరాయిడ్ కోర్సు ఇచ్చారు, వాంతులకి స్టెమెటిల్ ఇచ్చారు. "ఈ స్టెమెటిల్ రెండు మూడు రోజులే. వాంతులు తగ్గగానే ఆపేయాలి" అని డాక్టరమ్మ చీటీ మీద గీత గీసి మరీ చెప్పారు. ఆ గీతే నన్ను నిలబెట్టిందని ఇప్పుడు అనిపిస్తుంది.

అసలు లోపల ఏం జరుగుతుందో అర్థమైతే సగం భయం పోతుంది, నాకు అలాగే పోయింది. తల కదలకుండా ఉన్నప్పుడు కూడా రెండు చెవుల నరాలూ ఊరుకోవు. ఒక్కో నరపు పోగు సెకనుకు దాదాపు 90 సార్లు సంకేతం పంపుతూనే ఉంటుంది. కుడి ఎడమలు సమానంగా ఉంటే "తల కదలడం లేదు" అని మెదడుకి అర్థం. భుజం మీద కావడి లాంటిది ఇది. ఒక కుండ తెగి పడితే రెండో కుండ బరువేమీ పెరగకపోయినా మనిషి అటు తూలిపోతాడు. ఎడమ నరం మూగబోగానే, కుడి నరం మామూలుగా పంపే సంకేతమే "తల గిర్రున కుడికి తిరుగుతోంది" అన్న అర్థం తెచ్చుకుంది. తల కుడికి తిరిగితే కళ్ళు ఎడమకి జరగాలి కదా, అవి జరిగాయి. అంచుదాకా పోయి టక్కున వెనక్కి వచ్చాయి. అదే గది పరుగు.

కళ్ళు అలా జరగడం రోగం కాదు, మనందరికీ ఉన్న వరం. మా తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించాను, మీరూ చేసి చూడండి. ఒక పుస్తకం ముందు పెట్టుకుని తల కదలకుండా పుస్తకాన్ని గబగబా ఇటూ అటూ ఊపండి. అక్షరాలు అలుక్కుపోతాయి. ఇప్పుడు పుస్తకం కదలకుండా ఉంచి, అంతే వేగంగా తల ఊపండి. హాయిగా చదువుకోవచ్చు. రెండోసారి పని చేసింది చెవి. తల ఎంత తిరిగిందో చెవి చెబుతుంది, మధ్యలో మూడే నరకణాలు, కన్ను అంతే దూరం ఎదురు దిక్కుకి తిరుగుతుంది. సెకనులో వందో వంతు లోపు అయిపోతుంది. కంటితో చూసి సర్దుకోవాలంటే దానికి పది రెట్ల సమయం పడుతుంది, అందుకే ఊగే పుస్తకాన్ని చదవలేం. ఈ రిఫ్లెక్స్‌ని డాక్టర్లు వీఓఆర్ (వెస్టిబ్యులో-ఆక్యులర్ రిఫ్లెక్స్) అంటారు. నాకు పోయింది అందులో ఎడమ సగం.

మొదటి గిర్రు కొద్ది రోజుల్లో చాలావరకు ఆగిపోయింది. మెదడు కాండంలో ఎడమ వైపు కణాలు చెవి నుంచి కబురు రాకపోయినా తమంతట తాము మళ్ళీ సంకేతాలు మొదలుపెడతాయట. కావడికి ఆ పక్క ఇంకో బరువు దొరికినట్టే. మంచం మీద కదలకుండా ఉంటే ఇప్పుడు ఏ బాధా లేదు. కానీ లేచి నడిస్తే ప్రపంచం అదురుతోంది. నడుస్తూ చూస్తే కిరాణా కొట్టు బోర్డు మీద అక్షరాలు గంతులేస్తున్నాయి. ఎడమ పక్క నుంచి ఎవరైనా పిలిస్తే తిరిగిన చూపు మనిషి మీద ఆగకుండా జారిపోతోంది.

ఈ దశలోనే చాలామంది ఆగిపోతారు. మన దగ్గర తల తిరిగితే ముందు బీపీ అంటారు, తర్వాత గ్యాస్ అంటారు, రెండూ కాకపోతే మెడ ఎముకలు అరిగాయంటారు. దగ్గర్లో ఒక క్లినిక్‌లో నాకు మెడ ఎక్స్‌రే తీసి, "స్పాండిలోసిస్, అందుకే కళ్ళు తిరుగుతున్నాయి" అని మెడ పట్టీ, నెలల తరబడి వేసుకోమని మాత్రలూ రాశారు. నలభై దాటిన చాలామందికి మెడ ఎక్స్‌రేలో కాస్తో కూస్తో అరుగుదల కనిపిస్తుంది, దానికీ నా కళ్ళకీ సంబంధం లేదు. మెడ పట్టీ చేసేది తల కదలకుండా ఆపడం. నాకు కావాల్సింది తల కదలడం. మత్తు మాత్ర చేసేది మెదడుకి తేడా తెలియకుండా అణచడం. నాకు కావాల్సింది ఆ తేడా మెదడుకి బాగా తెలియడం. ఇలా పట్టీలతో, మాత్రలతో ఏళ్ళ తరబడి గోడ పట్టుకుని నడిచే పెద్దవాళ్ళను మా వీధిలోనే చూస్తున్నాను. వాళ్ళందరిదీ చెవి సమస్యే అని నేను అనలేను, కానీ ఒక్కరికైనా ఎవరూ తల పట్టుకుని తిప్పి చూడలేదన్నది నిజం. అది నాకు కోపం తెప్పిస్తుంది.

గుంటూరు డాక్టరమ్మే విజయవాడలో పరీక్షలకు పంపారు. ఒకటి నీళ్ళ పరీక్ష. పడుకోబెట్టి ఒక్కో చెవిలో 30 డిగ్రీల నీళ్ళు, తర్వాత 44 డిగ్రీల నీళ్ళు పోస్తారు. ఒంటి వేడికి అటు ఏడు, ఇటు ఏడు డిగ్రీల తేడా. ఆ తేడాకి చెవి లోపలి ద్రవం కదిలి, తల తిరిగినట్టు భ్రమ పుట్టి కళ్ళు కుదుపుతాయి. కుడి చెవిలో పోసినప్పుడు మంచం తిరిగిపోయింది. ఎడమ చెవిలో పోస్తే తడి తప్ప ఏమీ లేదు. పక్కనున్న టెక్నీషియన్ ఏమీ అనకపోయినా నాకు అర్థమైపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ పరీక్షకి దారి వేసిన రాబర్ట్ బరానీకి 1914 నోబెల్ బహుమతి వచ్చింది. చెవి కడిగేటప్పుడు చల్లటి నీళ్ళకి ఒక వైపు, వేడి నీళ్ళకి ఇంకో వైపు కళ్ళు కుదపడం గమనించి కారణం పట్టుకున్నాడాయన. బహుమతి ప్రకటించేనాటికి మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా వాళ్ళ చెరలో ఉన్నాడు.

రెండోది కెమెరా బిగించిన కళ్ళజోడు పెట్టి చేసే తల తిప్పే పరీక్ష. తల తిరిగిన వేగానికి కన్ను ఎంత న్యాయం చేసిందో లెక్క కడుతుంది. పూర్తిగా చేస్తే ఒకటి. నాకు కుడి వైపు 0.9, ఎడమ వైపు 0.3.

ఇక చికిత్స. వెస్టిబ్యులర్ రిహాబిలిటేషన్ అంటారు. మందు లేదు, వ్యాయామమే. 1940ల్లో ఇంగ్లండ్‌లో కాథార్న్ అనే చెవి సర్జన్, కుక్సీ అనే డాక్టరు కలిసి మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పుడు చాలా మెరుగైంది. ఫిజియోథెరపీ అమ్మాయి మొదటి రోజే చెప్పింది: "మేడం, దీంట్లో కళ్ళు తిరిగితేనే పని జరుగుతున్నట్టు. భయపడి మానేయకండి."

బీరువా తలుపు మీద, కళ్ళ ఎత్తులో, చిన్న కాగితం మీద "క" అని రాసి అంటించాను. చెయ్యి చాచినంత దూరంలో నిలబడి, చూపు ఆ అక్షరం మీదే ఉంచి, తల "కాదు కాదు" అన్నట్టు కుడికీ ఎడమకీ తిప్పాలి. మెల్లగా తిప్పితే "క" నిలకడగా ఉంటుంది. వేగం పెంచుతూ పోతే ఎక్కడో ఒక చోట, ఎడమకి తిరిగినప్పుడల్లా, దాని తలకట్టు పక్కకి సాగి రెండుగా కనిపిస్తుంది. ఆ అంచు మీదే పని చేయాలి. చెదరకపోతే మెదడు నేర్చుకోవడానికి ఏమీ లేదు, పూర్తిగా చెదిరిపోతే నేర్చుకోవడానికి ఆధారం లేదు. కంటి వెనక తెర మీద బొమ్మ జారడమే మెదడుకి అందే దిద్దుబాటు గుర్తు. కాసేపు చేసి ఆపాలి, రోజులో చాలాసార్లు చేయాలి. చేశాక వికారం పావుగంటలో సర్దుకుంటే సరైన మోతాదు. పూటంతా మంచం పట్టిస్తే ఎక్కువ చేసినట్టు. తర్వాత పైకీ కిందకీ తిప్పడం. ఆ తర్వాత అక్షరం చేత్తో పట్టుకుని తల ఒక వైపు, చెయ్యి ఎదురు వైపు కదపడం. ఇది చాలా కష్టం. ఆఖరికి గళ్ళ దుప్పటి వెనక వేలాడదీసి, దాని ముందు "క" పెట్టుకుని అదే పని. కంటికి చుట్టూ గజిబిజి ఉన్నప్పుడు కూడా నిలబడటం రావాలి కదా.

కాళ్ళకి వేరే సాధన. నిటారుగా నిలబడటానికి మనిషికి మూడు ఆధారాలు: కళ్ళు, అరికాళ్ళూ కీళ్ళూ చెప్పే స్పర్శ, చెవి. గట్టి నేల మీద కళ్ళు తెరిచి ఉంటే చెవి సగం లేకపోయినా నడిచిపోతుంది. దిండు మీద నిలబడితే అరికాలి కబురు నమ్మడానికి లేదు. కళ్ళు కూడా మూస్తే మిగిలిన సగం చెవే దిక్కు. గది మూలలో, రెండు గోడలూ భుజాలకు అందేలా నిలబడి చేశాను, మావారు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పడ్డప్పుడల్లా ఎడమకే. ఇంకో పని, కళ్ళు మూసుకుని ఉన్నచోటే అడుగులు వేయడం. కళ్ళు తెరిచేసరికి దేవుడి గూటి ఎదురుగా ఉండాల్సినదాన్ని వంటింటి గుమ్మం వైపు తిరిగి ఉండేదాన్ని. ఆ తిరిగే కోణం తగ్గుతూ రావడమే నాకు కంటికి కనిపించిన మొదటి ఫలితం.

ఏ పుస్తకంలోనూ చూడని ప్రమాదం ఒకటి చెప్పాలి. తలంటు. తల వంచుతాం, కళ్ళు మూసుకుంటాం, కాళ్ళ కింద తడి. మూడు ఆధారాలూ ఒకేసారి పోతాయి. కుంకుడు రసం కంట్లో పడకుండా రెప్పలు బిగించిన క్షణంలో నేల ఎటుందో తెలియలేదు. ఎత్తు పీట వేసుకుని కూర్చుని, ఒక చేత్తో గోడకి కొట్టించిన కడ్డీ పట్టుకుని పోసుకోండి. రాత్రి కరెంటు పోయినప్పుడూ అంతే, మంచం పక్కన టార్చి ఉండి తీరాలి.

బడికి తిరిగి వెళ్ళాక నాకు అసలు సాధన అక్కడే దొరికింది. టీచరు పనే తల తిప్పడం. బోర్డు మీద ఒక ముక్క రాయాలి, పిల్లల వైపు తిరగాలి, మళ్ళీ బోర్డు. మొదట్లో తిరిగిన ప్రతిసారీ సగం సమీకరణం ఎక్కడ ఆపానో దొరికేది కాదు. మధ్యాహ్నానికి ఒళ్ళు కాదు, బుర్ర అలిసిపోయేది. నడవడానికి, చూడటానికి కూడా బుద్ధి పెట్టి పని చేయాల్సి వచ్చినప్పుడు ఆలోచించడానికి మిగిలేది తక్కువ. చూసేవాళ్ళకి ఏమీ కనిపించదు, కట్టు లేదు, కర్ర లేదు. "బాగానే ఉన్నారుగా టీచర్ గారూ" అంటారు. అది విన్నప్పుడు వచ్చే ఒంటరితనం, "మళ్ళీ వస్తుందేమో" అన్న టెన్షన్, ఈ రెండూ కూడా రోగంలో భాగమే. గిర్రు తగ్గినా ఆ భయం వల్లే నెలల తరబడి తేలిపోతున్నట్టు ఉండేవాళ్ళు ఉంటారని, దానికీ చికిత్స ఉందని మా డాక్టరమ్మ చెప్పారు. మీకు అలా ఉంటే దాచుకోకండి.

కొన్ని నెలలకి కెమెరా కళ్ళజోడు పరీక్ష మళ్ళీ చేశారు. అప్పటికి నడుస్తూ బోర్డులు చదవగలుగుతున్నాను, "క" చెదరడం లేదు. నరం కోలుకుని ఉంటుందని ఆశపడ్డాను. ఎడమ వైపు అంకె దాదాపు అక్కడే ఉంది. మరి చూపు ఎలా నిలబడుతోంది? డాక్టరమ్మ రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూపించారు. మొదటి దాంట్లో తల తిరగడం ఆగాక, కన్ను వెతుక్కుంటూ వేసిన గంతులు చెల్లాచెదురుగా ఉన్నాయి. రెండో దాంట్లో ఆ గంతులన్నీ ముందుకు జరిగి, తల ఇంకా తిరుగుతుండగానే, ఒకే చోట వరుసగా గుత్తిలా చేరాయి. చెవి చెప్పలేని మాటను మెదడు ముందే ఊహించి కన్నును అక్కడికి విసురుతోంది. కన్ను గంతు వేసే క్షణంలో చూపు దానంతట అదే మసకబడుతుంది కాబట్టి ఆ గంతు నాకు తెలియడం లేదు, ఎదురుగా ఉన్నవాళ్ళకీ కనిపించదు. బీరువా తలుపు ముందు నిలబడి తిప్పిన తిప్పులన్నీ ఆ కాగితం మీద ఉన్నాయి. చాలా సంతోషమేసింది.

పూర్తిగా పోని కష్టం ఒకటుంది. ఎడమకి చాలా వేగంగా తల తిప్పితే ఇప్పటికీ చూపు ఒక్క క్షణం జారుతుంది. కుడి నరం ఒక్కటే రెండు దిక్కులకూ సమాధానం చెప్పాలి. కుడికి తిరిగితే దాని సంకేతాలు కొన్ని వందల దాకా పెరగగలవు. ఎడమకి తిరిగితే తగ్గాలి, కానీ సున్నా కన్నా తగ్గలేవు. ఆ హద్దును ఏ వ్యాయామమూ జరపలేదు. అందుకే స్కూటీ మీద కూడలిలో ఎడమకి చూడాలంటే ముందే బండి నెమ్మది చేసి, భుజం కూడా తిప్పి చూస్తాను. చీకటి పడ్డాక కాలవ కట్ట మీద నడవను. జ్వరం వచ్చినా, రెండు రాత్రులు నిద్ర లేకపోయినా పాత తూలు కొద్దిగా వస్తుంది. అప్పుడు మళ్ళీ "క" ముందు నిలబడతాను, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. పక్క మీద పొర్లినప్పుడు మాత్రమే కొద్ది సెకన్లు గిర్రున తిరిగితే అది వేరే సంగతి. న్యూరైటిస్ వచ్చిన చెవిలో, ఆ చిన్న సంచిలో ఉండే సన్నటి స్ఫటికాలు ఊడి నాళంలోకి జారడం వల్ల కూడా అలా అవుతుంది, దాన్ని డాక్టరు తలను కొన్ని కోణాల్లో తిప్పి అక్కడికక్కడే సరిచేయగలరు. దానికి ఈ వ్యాయామం కాదు, ఆ చికిత్సే అడగండి.